రాబర్టు లూయీ స్టీవెన్‌సన్

స్కాట్లండు దేశమునకు ముఖ్యపట్టణము ఎడింబరో. ఆ నగరమున స్టీవెన్‌సన్ వంశమువారు సముద్రతీరములందు దీపస్తంభములు నిర్మించుటలో మిక్కిలి ప్రసిద్ధి గాంచిరి. చీకటిలో ఓడలు రాళ్లకు కొట్టుకొని పగిలిపోకుండ దారి చూపునవి దీపస్తంభములు. ఆ వంశమువాడైన రాబర్టు స్టీవెన్‌సన్, పోటువేళ నీట మునిగిపోవు బెల్ రాక్ అను గుట్టపై దీపస్తంభమును నిలిపెను. 1811వ సంవత్సరమున అందు తొలిసారి దీపము వెలిగెను. అతని కుమారుడు థామస్ కూడ ఆ వృత్తియందే పేరు గడించెను. థామస్‌కు ఏకైక పుత్రుడుగా 1850వ సంవత్సరము నవంబరు 13వ తేదీన రాబర్టు లూయీ స్టీవెన్‌సన్ జన్మించెను.

లూయీ పుట్టుకతోనే దుర్బలుడు. చలికాలము వచ్చినంతనే దగ్గు, జ్వరము అతనిని మంచమున పడవేయుచుండెను. నిద్రపట్టని రాత్రులందు అలిసన్ కన్నింగ్‌హామ్ అను దాది ప్రక్కన కూర్చుండి, బైబిలు కథలును, స్కాట్లండు దేశపు కథలును చెప్పుచుండెను. ఆరేండ్ల ప్రాయముననే అతడు ఒక కథ నల్లి, తల్లిచేత వ్రాయించెను. పెద్దవాడైన పిమ్మట బాలలకై రచించిన పద్యసంపుటమును 1885వ సంవత్సరమున ఆ దాదికే అంకిత మొసగెను.

కుమారుడు కులవృత్తి నవలంబింపవలెనని తండ్రి కోరిక. అందువలన లూయీ 1867వ సంవత్సరమున ఇంజనీరింగు విద్యకై విశ్వవిద్యాలయమున చేరెను. తండ్రితో కలసి తీరములు, దీవులు తిరిగెను. సముద్రము అతని మనస్సును దోచుకొనెను గాని గణితము రుచింపలేదు. 1871వ సంవత్సరమున దీపస్తంభముల వెలుగును గూర్చి అతడు వ్రాసిన వ్యాసమునకు వెండిపతకము లభించెను. అయినను ఆ యేడే అతడు తండ్రియెదుట నిలిచి, తాను ఇంజనీరు కాజాలననియు, రచయిత కాగోరుచున్నాననియు తెలిపెను. థామస్ మనస్సు ఎంతయో నొచ్చెను. తుదకు కుమారుడు న్యాయశాస్త్రము చదువునట్లు ఇరువురును సమాధానపడిరి. 1875వ సంవత్సరమున లూయీ న్యాయవాది పట్టము పొందెను గాని మనస్సంతయు కలముమీదనే యుండెను.

ఫ్రాన్సు దేశమున అతనికి ఫానీ ఆస్‌బోర్న్ అను అమెరికా వనితతో పరిచయమయ్యెను. ఆమె స్వదేశమునకు మరలిపోగా, 1879వ సంవత్సరమున తలిదండ్రులకు తెలుపకయే అతడు అమెరికాకు బయలుదేరెను. బీదవారితో కలసి ఓడలోను, రైలులోను ప్రయాణము చేసి, కాలిఫోర్నియా చేరునప్పటికి ప్రాణము మీదికి వచ్చెను. సంగతి తెలిసిన తండ్రి కోపము మాని ధనసహాయము చేసెను. 1880వ సంవత్సరమున ఫానీతో అతని వివాహము జరిగెను.

మరుసటి యేడు వేసవిలో ఆ కుటుంబము స్కాట్లండునందలి బ్రేమార్ గ్రామమున బసచేసెను. ఎడతెగని వానచే బయటికి పోవుటకు వీలులేకుండెను. ఫానీకి మొదటి వివాహమున కలిగిన లాయిడ్ అప్పుడు పదుమూడేండ్ల బాలుడు. ప్రొద్దుపోవుటకై ఒకనాడు వారు రంగులతో ఒక దీవిపటమును గీచిరి. కొండలకు, రేవులకు పేర్లు పెట్టి, నిధి పాతిన చోట గుర్తు లుంచిరి. ఆ పటమును చూచుచుండగా ఓడదొంగలు కత్తులు ధరించి చెట్లనడుమ తిరుగుచున్నట్లు స్టీవెన్‌సన్‌కు తోచెను. వెంటనే కథ నారంభించి, దినమునకొక ప్రకరణము వ్రాసి, ఇంటివారికి చదివి వినిపింపజొచ్చెను. ఆ యింటికి వచ్చియున్న ముసలి థామస్ కూడ బాలునివలె ఆతురతతో వినుచుండెను. ఒక ఓడదొంగ పెట్టెలో నుండవలసిన వస్తువుల జాబితాను ఆయనయే వ్రాసి యిచ్చెను. కుమారుడు రచయిత యగుటకు నొచ్చుకొనిన తండ్రియే ఆ రచనకు చేయూత నిచ్చుట ఎంత వింత!

పదునైదు ప్రకరణములైన పిదప కలము నిలిచిపోయెను. ఆ చలికాలమున చికిత్సకై స్విట్జర్లండునందలి దావోస్ నగరమున నున్నప్పుడు అతడు కథను ముగించెను. బాలుర పత్రికలో మారుపేరుతో వెలువడిన ఆ కథ 1883వ సంవత్సరమున ట్రెజర్ ఐలండ్ అను గ్రంథమయ్యెను. అందలి లాంగ్ జాన్ సిల్వర్ ఒంటికాలివాడు, క్రూరుడు. అయినను ధైర్యశాలి, మాటకారి. ఒక కాలు పోయినను చెక్కుచెదరని హెన్లీ అను కవిమిత్రుని చూచి స్టీవెన్‌సన్ ఆ పాత్రను కల్పించెను. మంచిచెడుగులు ఒక్కనియందే కలసియుండునని ఆ పాత్ర బాలురకు చూపెను. నండూరి రామమోహనరావు గారు ఈ నవలను కాంచనద్వీపము అను పేర తెనుగు బాలుర కందించిరి.

తరువాత ఇంగ్లండునందలి బోర్న్‌మత్‌లో నివసించునప్పుడు వ్యాధి మరింత ముదిరెను. నోటివెంట రక్తము పడుటచే అతడు తరచు మంచము పట్టుచుండెను. ఆ స్థితియందే కిడ్నాప్డ్ అను నవలను, డాక్టర్ జెకిల్ మిస్టర్ హైడ్ కథను రచించెను. రెండును 1886వ సంవత్సరముననే వెలువడెను. పెదతండ్రులలో నొకరు నిర్మించిన స్కెరివోర్ దీపస్తంభము పేరునే అతడు తన యింటికి పెట్టుకొనెను. కులవృత్తిని విడిచినను దానియెడ గౌరవమును విడువలేదు.

1887వ సంవత్సరమున తండ్రి మరణించెను. మరుసటి యేడు స్టీవెన్‌సన్ కుటుంబముతో పసిఫిక్ సముద్రమున ఓడయాత్ర సాగించెను. సమోవా దీవి వాతావరణము తనకు సరిపడుటచే 1890వ సంవత్సరమున అచ్చట భూమిని కొని, ఇల్లు కట్టుకొనెను. దీవివాసులు అతనిని తుసితాల, అనగా కథకుడు, అని పిలిచిరి. పరదేశ ప్రభుత్వములు తమ తగవులలో సమోవా ప్రజలను నలుగగొట్టుచుండగా, అతడు వారి పక్షమున పత్రికలకు లేఖలు వ్రాసెను. చెరసాలలో నున్న వారి నాయకులను చూడబోయి ఆహారము నిచ్చెను. విడుదలయైన పిమ్మట ఆ నాయకులు కృతజ్ఞతతో 1894వ సంవత్సరమున తామే శ్రమించి అతని యింటికి బాట వేసిరి. కూలి కోరలేదు.

ఆ యేడే డిసెంబరు 3వ తేదీన, అంతవరకు ఒక నవలను రచించుచుండిన స్టీవెన్‌సన్, మెదడున రక్తనాళము చిట్లి, నలుబదినాలుగేండ్ల వయస్సున మరణించెను. సమోవా వాసులు అడవిని నరికి దారి చేసి, అతని శరీరమును భుజములపై మోసికొనిపోయి, వాయియా కొండ శిఖరమున సమాధి చేసిరి.

సంపూర్ణారోగ్యముతో స్టీవెన్‌సన్ గడపిన దినములు మిక్కిలి కొద్ది. మంచముననున్న దినములలో సయితము అతడు కలము విడువలేదు. తండ్రితాతలు కట్టిన దీపస్తంభములు నావికులకు దారి చూపినట్లే, అతని కథలు ఎందరో బాలురకు ప్రొద్దుపోని రాత్రులందు తోడైనవి.