బొగ్గుల పొయ్యి దగ్గర మొదలై రాజుల బల్ల దాకా

పోయిన దసరాకు కోరుట్లలో మా అక్క వాళ్లింటికి చుట్టాలొచ్చారు. దుబాయ్‌లో హోటల్ కిచెన్‌లో పనిచేసే బావ అప్పుడు లీవు మీద ఇంట్లోనే ఉన్నాడు. చెక్క పలక మీద చీజ్ ముక్కలు, చికెన్ సలామీ, ద్రాక్ష, జీడిపప్పు అందంగా పేర్చాడు. సలామీని మడిచి గులాబీ పువ్వు చేశాడు. పిల్లలు ఫొటోలు తీసుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం డిగ్రీ చదివి చివరికి వంట పనా అన్నట్టు మాట్లాడాడు. బావ నవ్వి ఊరుకున్నాడు గానీ మొహం చిన్నబోయింది.

అప్పుడు నాకు ఆంటొనిన్ కరేమ్ గుర్తొచ్చాడు.

కరేమ్ పుట్టింది పారిస్‌లో, 1783-84 ప్రాంతంలో. పెద్ద కుటుంబం, తినడానికే కష్టం. ఫ్రెంచి విప్లవం రోజుల్లో పదేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడే ఇంట్లోవాళ్లు వదిలేశారు. ఒక చిన్న పూటకూళ్ల ఇంట్లో పనికి కుదిరాడు. జీతం లేదు, తిండీ నీడా దొరికితే చాలనుకున్నాడు.

1798 ప్రాంతంలో బైలీ అనే పేరున్న మిఠాయి దుకాణదారు దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. ఆ దుకాణానికి దగ్గర్లోనే జాతీయ గ్రంథాలయం ఉండేది. బైలీ అతనికి పని మధ్యలో అక్కడికి వెళ్లడానికి టైమ్ ఇచ్చేవాడు. కరేమ్ గుళ్లు, గోపురాలు, పాత కట్టడాల బొమ్మలున్న పుస్తకాలు ముందేసుకుని గీస్తూ కూర్చునేవాడు. ఆ డిజైన్లనే చక్కెరతో, పిండితో కట్టి దుకాణం అద్దాల్లో పెట్టేవాడు. మన సిరిసిల్లలో చీర అంచు మగ్గం మీదికి ఎక్కకముందే డిజైన్ కాగితం మీద ఉంటుంది కదా, అతని పనీ అంతే.

ఆ తర్వాత ఫ్రాన్స్ మంత్రి టాలీరాండ్ పిలిచాడు. కరేమ్ ఇంగ్లండ్ యువరాజుకూ, రష్యా జార్ అలెగ్జాండర్‌కూ, బ్యాంకర్ రోత్‌షీల్డ్‌కూ విందులు చేశాడు. మాంసం, చేపల వంటకాల మీద అలంకరణ పుల్లలు గుచ్చి నిలబెట్టడం ఆ విందుల్లో ఒక పద్ధతి. ఈరోజు ఫంక్షన్ హాళ్లలో చీజ్ ముక్కకు గుచ్చే టూత్‌పిక్‌కు దాన్ని పెద్దన్న అనుకోవచ్చు.

అయితే కరేమ్‌ను గొప్పవాణ్ని చేసింది ఒక్క అలంకరణే కాదు. చేసిన ప్రతిదీ రాసిపెట్టాడు. లెక్కలేనన్ని ఫ్రెంచి సాస్‌లను నాలుగు మూల సాస్‌ల కింద వర్గీకరించాడు. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, నాలుగు బేస్ క్లాసులు రాస్తే మిగతావన్నీ వాటిలోంచే వస్తాయి. 1815 నుంచి వరుసగా పుస్తకాలు వేశాడు, వాటికి బొమ్మలు కూడా తనే గీశాడు.

దానికి మూల్యం కూడా కట్టాడు. గాలి ఆడని వంటగదుల్లో బొగ్గుల పొయ్యిల ముందు ఏళ్ల తరబడి నిలబడ్డాడు. 1833 జనవరి 12న చనిపోయేనాటికి యాభై ఏళ్లు కూడా నిండలేదు. ఆ పొగే ఆయన ఆరోగ్యం తీసిందని చాలామంది నమ్ముతారు. కాబట్టి ఎక్కడ పనికి చేరినా జీతం ఎంతో అడిగినట్టే, పొగ బయటికి పోయే ఏర్పాటు ఉందా, డ్యూటీ ఎన్ని గంటలు అని కూడా అడగండి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ వెళ్లి వంటగదుల్లో పనిచేసే మనవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడికి అడ్డదారిలో కాకుండా చదువుకుని వెళ్లే దారులూ ఉన్నాయి. హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఇంటర్ తర్వాత ఎన్‌సీహెచ్ఎం జేఈఈ రాయొచ్చు. చీజ్ తయారీ మీద ఆసక్తి ఉంటే కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ కాలేజీ ఉంది. పాలు, మాంసం ఉత్పత్తుల టెక్నాలజీ కోరుట్ల వెటర్నరీ కాలేజీ చదువులోనూ భాగమే.

ఇప్పటికే కిచెన్‌లో ఉన్నవాళ్లు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఈరోజు ఏం చేశారు, ఎంత కొలత, ఎక్కడ తప్పు జరిగింది అన్నీ రాయండి. ఇక ఇంట్లోవాళ్లకు ఒక మాట. లీవు మీద వచ్చిన అన్నో బావో ఒక పలక అందంగా పేర్చి పెడితే, జీతం ఎంత అని అడిగే ముందు అది ఎలా చేశాడో అడగండి.