శ్రీమతి బెర్తా బెంజ్

మోటారు బండి నడుపువాని కన్నుల యెదుట చమురు కొలత చూపు ముల్లొకటి యుండుట మన విద్యార్థులందరు నెరిగినదే. తొట్టిలో తేలు బెండు చమురుతోపాటు లేచుచు దిగుచు నుండగా, దాని ననుసరించి విద్యుత్ప్రవాహము మారి ముల్లు కదలును. ఆ ముల్లు తప్పు చూపినచో నేర్పరియగు పనివాడు తొందరపడి దానిని విప్పడు. తొట్టిలో నిజముగా చమురెంత యున్నదో మొదట తెలిసికొని, పిమ్మట ఫ్యూజును, తీగెలను, బెండును ఒకదాని వెనుక నొకటి పరీక్షించును. ఇట్టి ముల్లే లేని కాలమున, నడిబాటలో, ఈ వరుస విచారణనే తన బుద్ధిబలముచే సాగించిన యొక మహిళ చరిత్రమును ఇచట వ్రాయుచున్నాము.

బెర్తా రింగర్ 1849 మే 3వ తేదీన జర్మనీ దేశమునందలి ఫోర్ట్స్‌హైం పట్టణమున జన్మించెను. కార్ల్ బెంజ్ అను యువకుడు మాన్‌హైం నగరమున యంత్రశాల నెలకొల్పి, భాగస్వామివలన చిక్కులలో బడగా, ఆమె తనకు రావలసిన కట్నములో కొంత వివాహమునకు ముందే తెప్పించి యా కర్మాగారమును నిలిపెను. 1872లో వారికి వివాహమయ్యెను. కార్ల్ 1886 జనవరి 29న తన మూడు చక్రముల మోటారు బండికి పేటెంటు కోరెను. కాని గుఱ్ఱములేని బండిని నమ్మి కొనువారు కరవైరి. ఆమె కట్నమును, ఆయన శ్రమయు వ్యర్థమగునట్లుండెను.

1888 ఆగస్టు మాసమున నొక వేకువను, భర్తకు ముందుగా చెప్పకయే, ఆమె తన కుమారులగు యూజెన్, రిచర్డు అను వారిని వెంటగొని బండి నెక్కి, నూరు కిలోమీటర్లకు మించిన దూరముననున్న పుట్టినింటికి బయలుదేరెను. త్రోవలో చమురు చాలలేదు. ఆ దినములలో పెట్రోలు బంకులెక్కడివి? వీస్‌లోక్ పట్టణపు మందుల అంగడిలో, బట్టల మరకలు తీయుటకై యమ్ము లిగ్రాయిన్ అను ద్రవమును కొని పోసిరి. ఆ యంగడియే ప్రపంచమున మొదటి పెట్రోలు బంకని నేడు పేరొందినది.

మరియొకచోట చమురున్నను యంత్రమున కందలేదు. గొట్టము పూడుకొనిన తరువాత నిండు తొట్టియు వట్టి తొట్టియు నొక్కటియే గదా! ఆమె లోపమెచ్చటనున్నదో కనిపెట్టి, తన టోపీ సూదితో గొట్టమును శుభ్రపరచెను. నిప్పురవ్వ పుట్టించు తీగె ఒరసికొని పాడుకాగా, మేజోటి పట్టీని దానికి తొడుగుగా చుట్టెను. బ్రేకుల కొయ్య అరిగిపోగా, చెప్పులు కుట్టువానిచే తోలు కొట్టించెను. ఎత్తు ప్రదేశములలో బండిని త్రోయవలసి వచ్చెను. నాటి సాయంకాలము ఫోర్ట్స్‌హైం చేరి భర్తకు తంతి నంపెను.

కొన్ని దినములకు బండిమీదనే తిరిగివచ్చి, తాను కనిన లోపముల నన్నిటిని భర్తకు తెలిపెను. ఎత్తు లెక్కుటకై బండికి మరియొక గేరు చేర్చబడినది ఆమె సలహావలననే. ఆ సంవత్సరమే మ్యూనిక్ ప్రదర్శనమున నీ బండికి బంగారు పతకము లభించెను. కార్ల్ 1929లో గతించెను. 1944 మే 3న, తన తొంబదియైదవ జన్మదినమున, బెర్తా కార్ల్‌స్రూహే సాంకేతిక విద్యాలయమువారి గౌరవ పదవి నందుకొని, రెండు దినములకు లాడెన్‌బుర్గ్‌లో దేహము చాలించెను. ఆమె పోయిన త్రోవ 2008లో ఆమె పేర స్మారక మార్గమైనది.

పదిమంది కన్యకల యుపమానము మన బాలబాలికలకు కంఠస్థమే. సిద్దెలో నూనె యుండుట వివేకము. ఆ నూనె దీపమునకు ఏల చేరకున్నదో వెదకి తెలిసికొనుటయు వివేకమే. బెర్తాకు ఈ రెండవ వివేకము ఒక్క దినమున కలుగలేదు. భర్త పని నామె మొదటినుండియు దగ్గరనుండి చూచి నేర్చుకొనెను. యంత్రవిద్య ఆడపిల్లలకు తగదని తలంచు తల్లిదండ్రు లెవరైన నున్నచో, ఈ తల్లి చరిత్రమును తమ కుమార్తెలచే చదివించుకొని విందురుగాక యని మేము కోరుచున్నాము.