రాజా దీనదయాళ్

రాజా దీనదయాళ్ (1844 – 1905) పంతొమ్మిదవ శతాబ్దపు ప్రముఖ భారతీయ ఛాయాచిత్రకారుడు. ఈయన లాలా దీనదయాళ్ అనే పేరుతో కూడా ప్రసిద్ధుడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా పనిచేశాడు. ఆనాటి హైదరాబాదు రూపురేఖలు నేటికీ తెలియడానికి ఈయన చిత్రాలు ఒక ముఖ్య ఆధారం.

బాల్యం, విద్య

దీనదయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందోరులో ప్రభుత్వ ఉద్యోగంలో చేరాడు.

ఛాయాచిత్ర కళ

1870లలో ఈయన ఛాయాచిత్రకళను అభ్యసించాడు. మధ్య భారతంలో బ్రిటిషు ప్రతినిధి అయిన సర్ హెన్రీ డాలీ ఈయనను ప్రోత్సహించాడు. ఆ రోజుల్లో గాజుపలకకు రసాయనం పూసి, అది తడిగా ఉండగానే చిత్రం తీసి, వెంటనే కడగవలసి వచ్చేది. అందువలన చీకటిగదిగా ఉపయోగపడే గుడారాన్ని కూడా వెంట మోసుకుపోయేవారు. ముందే సిద్ధం చేసిన పొడి పలకలు వాడుకలోకి వచ్చాక ఈ శ్రమ తగ్గింది. ఈయన తీసిన మధ్య భారత కట్టడాల చిత్రాలతో సర్ లెపెల్ గ్రిఫిన్ 1886లో ఒక గ్రంథం ప్రచురించాడు.

హైదరాబాదులో

1880లలో దీనదయాళ్ ఉద్యోగం విడిచి, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. ఇందోరు, బొంబాయిలలో కూడా ఈయనకు స్టూడియోలు ఉండేవి. చార్మినార్, ఫలక్‌నుమా వంటి కట్టడాలనే కాక, కరువు కాలంలో నిజాం రాజ్యంలో జరిగిన సహాయ పనులను, అక్కడి కూలీలను కూడా చిత్రించాడు. 1892లో హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కొరకు ప్రత్యేకంగా జనానా స్టూడియో ప్రారంభించాడు. దానిని ఒక బ్రిటిషు మహిళ నిర్వహించింది. పురుషుల ఎదుటకు రాని స్త్రీల రూపాలు చిత్రాలలో నిలవడానికి ఈ ఏర్పాటు వీలు కల్పించింది. నిజాం 1894లో ఈయనకు రాజా బహాదుర్ ముసవ్విర్ జంగ్ బిరుదునిచ్చాడు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. 1897లో విక్టోరియా మహారాణి నుండి రాజ గుర్తింపు పత్రం లభించింది.

మరణం, ప్రాముఖ్యత

దీనదయాళ్ 1905లో మరణించాడు. మూడేళ్ళ తరువాత, 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద హైదరాబాదులో చాలా భాగాన్ని ధ్వంసం చేసింది. ఈయన చిత్రించిన బషీర్‌బాగ్ ప్యాలెస్ కూడా తరువాతి కాలంలో కూల్చివేయబడింది. నేడు ఆ పేరు ఒక ప్రాంతానికి మాత్రమే మిగిలింది.

పాత చిత్రాల విలువ ఇటువంటి సందర్భాలలోనే తెలుస్తుంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. ఆ గోపురాన్ని కంటితో చూడని తరం వారికి దాని పూర్వరూపం ఛాయాచిత్రాలలోనే కనిపిస్తుంది.

దీనదయాళ్ గాజు నెగటివులలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. 2006లో భారత తపాలా శాఖ ఈయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది.