ఎనభయ్యో ఏట బుద్ధ భగవానుడు

వైశాఖ పూర్ణిమ బౌద్ధులకు పరమ పవిత్రమైన రోజు. బుద్ధుని జననం, జ్ఞానోదయం, మహాపరినిర్వాణం మూడూ ఈ తిథినాడే జరిగినట్లు సంప్రదాయం చెబుతుంది. 1999లో ఐక్యరాజ్యసమితి కూడా ఈ పర్వదినాన్ని గుర్తించింది. మన మలికిపురం వారికి ఇది పరాయి పండుగ కాదు. రాజోలు ప్రాంతంలోనే, మామిడికుదురు మండలం ఆదుర్రులో, వైనతేయ తీరాన ఇటుకల స్తూపం శిథిలాలు నేటికీ ఉన్నాయి. ఒకప్పుడు ఈ సీమలో బౌద్ధం వర్ధిల్లిందనడానికి అదే సాక్ష్యం.

సిద్ధార్థుడు లుంబినీవనంలో జన్మించాడు. ఏడవ రోజునే తల్లి మాయాదేవి కన్నుమూయగా, పినతల్లి గౌతమి పెంచి పెద్దచేసింది. ముసలితనం, రోగం, మరణం చూసి కలతచెంది 29వ ఏట ఇల్లు విడిచాడు. ఆరేళ్ల అన్వేషణ తరువాత బోధివృక్షం కింద జ్ఞానం పొందాడు. ఆషాఢ పూర్ణిమనాడు సారనాథ్‌లో ఐదుగురికి తొలి ఉపదేశం చేశాడు. జీవితంలో దుఃఖం ఉన్నదనీ, దానికి తృష్ణ కారణమనీ, తృష్ణ నశిస్తే దుఃఖమూ నశిస్తుందనీ, అందుకు అష్టాంగమార్గమే దారి అనీ బోధించాడు.

పెన్షనర్లమైన మనం ముఖ్యంగా గమనించవలసింది ఆయన వృద్ధాప్యాన్ని. 45 సంవత్సరాలు కాలినడకన ఊరూరా తిరిగిన ఆయన, ఎనభయ్యో ఏట వైశాలి సమీపాన బేలువ గ్రామంలో తీవ్రంగా జబ్బుపడ్డాడు. కట్లు కట్టి నడిపే పాతబండిలా ఉంది తన దేహమని శిష్యుడు ఆనందునితో దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. తన తరువాత పెత్తనానికి ఎవరినీ నియమించలేదు. ఎవరికి వారే దీపం కావాలనీ, ధర్మమే గురువనీ చెప్పాడు.

పావాలో చుందుడనే కమ్మరి పెట్టిన భోజనం తరువాత రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. అయినా నడిచి కుశీనగరం చేరాడు. దారిలో ఆయన దిగులంతా చుందుని గురించే. లోకం అతన్ని నిందిస్తుందేమో, అతడే తన్ను తాను నిందించుకుంటాడేమో అని ఆలోచించి, ఆ భోజనం ఎంతో పుణ్యప్రదమని అతనికి తెలియజేయమన్నాడు. సాలవృక్షాల నడుమ పడుకుని, విలపిస్తున్న ఆనందుణ్ణి పిలిపించి, అతని సేవను అందరి ఎదుట మెచ్చుకున్నాడు. సుభద్రుడనే పరివ్రాజకుణ్ణి ఆనందుడు అడ్డగిస్తే, రానిమ్మని సందేహం తీర్చాడు.

పెత్తనం వదలడం, చేసినవారి సేవను గుర్తించడం, తన బాధకు ఎవరినీ బాధ్యుల్ని చేయకపోవడం ఈ వయసులో మనకూ కష్టమైన పనులే. వైశాఖ పూర్ణిమకు ఆదుర్రు వెళ్లేవారు మనుమలకు బోధివృక్షం కథతోపాటు చుందుని కథ కూడా చెప్పవలసిందిగా మనవి.