తల్లి పలుకు వెతుక్కున్న ఇన్కా గార్సిలాసో

పెరూ దేశంలో, ఆండీస్ పర్వతాల నడుమ, సుమారు 3,400 మీటర్ల ఎత్తున కుస్కో నగరమున్నది. ఒకప్పుడది ఇన్కా చక్రవర్తుల రాజధాని. నగరానికి ఎగువన కొండమీది సక్సైవామన్ కోట శిథిలాలను చూడడానికి దేశదేశాలనుండి యాత్రికులు వస్తారు. సున్నం లేకుండా, సందు కనబడకుండా పేర్చిన ఆ బండల మధ్య ఆడుకొని పెరిగిన ఒక బాలుని కథ ఇది.

ఆయన 1539 ఏప్రిల్ 12న కుస్కోలో జన్మించాడు. తండ్రి స్పానిష్ సేనాని. తల్లి చింపు ఓక్యో ఇన్కా రాజవంశపు ఆడపడుచు. ఆమెను తండ్రి వివాహమాడలేదు. తరువాత ఒక స్పానిష్ యువతిని పెండ్లాడాడు. తల్లి ఇంట కెచువా భాష వినిపించేది. రాజ్యం పోయిన బంధువులు అక్కడ చేరి, గతవైభవం తలచుకొని కంటతడి పెట్టేవారు. పిల్లవాడు వారి పక్కనే కూర్చుని వినేవాడు.

1559లో తండ్రి మరణించాడు. చదువుకని ఆయన విడిచిన ధనంతో కుమారుడు 1560లో స్పెయిన్‌కు బయలుదేరాడు. వెళ్ళేముందు ఒక అధికారి ఇంట భద్రపరచిన ఇన్కా చక్రవర్తుల భౌతికకాయాలను దర్శించి, వైనా కపాక్ వేలు తాకి చూచాడు. అది కర్రవలె బిగుసుకొని ఉన్నది. మళ్ళీ ఆయన మాతృదేశం చూడలేదు. 1571లో తల్లి కన్నుమూసినప్పుడు కూడ సముద్రానికి ఈవలనే ఉన్నాడు.

స్పెయిన్‌లో తండ్రి సేవలకు ప్రతిఫలం కోరగా ప్రభుత్వం నిరాకరించింది. మోంతిల్యా పట్టణంలో తండ్రి సోదరుని అండ పొంది, అక్కడే దాదాపు 30 ఏళ్ళు గడిపి, సైన్యంలోనూ పనిచేసి, 1591లో కోర్దోబా చేరాడు. జ్ఞానస్నానంలో పెట్టిన పేరు ఏనాడో వదలి, తండ్రి పేరైన గార్సిలాసో దె లా వేగాను స్వీకరించాడు. దాని ముందు ఇన్కా అన్న తల్లి వంశనామం చేర్చుకున్నాడు.

1605లో అచ్చయిన ఫ్లోరిడా చరిత్రలో ఆయన ఒక మాట దాచకుండా ఒప్పుకున్నాడు. మాట్లాడే తోడు లేక, తల్లి భాషలో ఆరేడు పదాలు కూర్చి ఒక వాక్యం చెప్పలేకపోతున్నాడట. అయినా ఎవరైనా ఆ భాష మాట్లాడితే అంతా అర్థమవుతుందని, మరచిన మాట చెవిన పడితే దాని అర్థం చెప్పగలనని కూడ వ్రాశాడు.

ఆ మిగిలినదానితోనే పని సాగించాడు. పెరూలోని చిన్ననాటి సహాధ్యాయులకు లేఖలు వ్రాసి, వారివారి ప్రాంతాల విశేషాలు తెప్పించుకున్నాడు. 1609లో, 70 ఏళ్ళ వయస్సున, లిస్బన్‌లో ఇన్కాల చరిత్ర వెలువరించాడు. కోట రాళ్ళను పీకి స్పానిష్‌వారు ఇళ్ళు కట్టుకున్నారని అందులో వాపోయాడు. కెచువా మాటలను పరాయివారు తప్పుగా వాడితే దిద్దాడు. వాకా అన్న మాటను అంగిట పలికితే పవిత్ర వస్తువు, గొంతు లోపలినుండి పలికితే ఏడ్వడం అని వివరించాడు. కలకూ కళకూ తేడా ఎరిగిన మనకు ఆ పట్టుదల ఎందుకో బోధపడుతుంది.

ఆయన 1616లో కోర్దోబాలో కాలధర్మం చెందాడు. 1782లో స్పెయిన్ ప్రభుత్వం ఆ గ్రంథాన్ని పెరూలో నిషేధించింది. 1978లో ఆయన అస్థికలలో కొంతభాగం కుస్కో చేరింది. ఊరు విడిచిన 418 ఏళ్ళకు ఆ బాలుడు ఇల్లు చేరినట్లయింది.

మన ఇళ్ళలోనూ అమ్మమ్మ, తాతయ్యల మాట అర్థమై, బదులు చెప్పడానికి నోరు తిరగని పిల్లలున్నారు. వారిని చిన్నబుచ్చవద్దు. వారి చెవిన పడేలా తెలుగు మాట్లాడుతూనే ఉందాము.