బంతితో పరుగెత్తరాదని విధించిన బోధకుడు

మన నెల్లూరు తీరపు గ్రామములలో సాయంకాలమున పిల్లలు ఇసుకలో చెడుగుడు ఆడుదురు. పట్టుటయు, విడిపించుకొనుటయు ఆ ఆటకు ప్రాణము. కొన్ని బడుల ఆవరణములలో ఇనుప వలయము బిగించిన స్తంభములుండును. అక్కడి ఆటలో ఒకనినొకడు పట్టుకొనరాదు, త్రోయరాదు. చురుకుగా కదలువానిదే పైచేయి. దీనిని బాస్కెట్‌బాల్ అందురు. దీనిని కల్పించినవాడు వేదాంత కళాశాలలో చదివిన బోధకుడని మన సంఘములలో అనేకులు ఎరుగరు గనుక, ఆయన చరిత్రను ఈ నెల మీ ముందుంచుచున్నాము.

జేమ్స్ నెయిస్మిత్ 1861 నవంబరు 6వ తేదీన కెనడా దేశములో ఆల్మాంట్ అను ఊరియొద్ద జన్మించెను. 1870లో తలిదండ్రులిద్దరును టైఫాయిడ్ జ్వరముచేత చనిపోగా, ఆ అనాథ బాలుడు మేనమామ యింట పెరిగెను. నడుమ బడి మాని, అడవిలో మ్రానులు నరకు కూలిపనికి పోయెను. కొన్ని యేండ్లకు తిరిగివచ్చి, తనకంటె చిన్నవారి సరసన కూర్చుండి చదువు ముగించెను. చదువు మధ్యలో ఆగిన మన యౌవనస్థులు ఈ సంగతి గమనింతురని ఆశించుచున్నాము.

మాంట్రియాల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునందును, పిమ్మట ప్రెస్బిటేరియన్ వేదాంత కళాశాలయందును చదివెను. ఆయనకు ఆటలపై మిక్కిలి ఆసక్తి. బోధకుడు కాగోరువాడు బంతి వెంట పరుగెత్తుట సాతాను త్రోవయని తోడి విద్యార్థులు కలతపడి, ఆయన ఆత్మకొరకు ప్రార్థించిరి. ఇట్టి ప్రార్థనలు మన ప్రాంతములో కూడ వినబడినవే. అయితే ఒకనాడు ఆటలో ఒక యువకుడు దుర్భాషలాడి, ప్రక్కన నెయిస్మిత్ ఉండుట చూచి సిగ్గుపడి క్షమాపణ చెప్పుకొనెను. నెయిస్మిత్ అతనిని ఎన్నడును గద్దించినవాడు కాడు. ప్రసంగవేదిక చేరలేని చోటికి ఆటస్థలము చేరునని ఆయనకు అప్పుడు తోచెను. బంధుమిత్రులకు నచ్చకపోయినను, 1890లో వేదాంత విద్య ముగించి, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనున్న వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలకు వెళ్లెను.

1891 చలికాలమున అక్కడ 18 మంది యువకుల తరగతి ఒకటి డ్రిల్లుతో విసిగి అల్లరిచేయుచుండెను. బయట మంచు. లోపల ఆడదగిన క్రొత్త ఆటను 14 దినములలో కల్పింపుమని పై అధికారియైన లూథర్ గ్యులిక్ ఆయనకు పని అప్పగించెను. పాత ఆటలనే గదిలో ఆడించి చూడగా, దెబ్బలు తప్ప మరేమియు మిగులలేదు. గడువు ముగియుచుండెను. అప్పుడాయన కూర్చుండి ఆలోచించిన విధము వినదగినది. ఆటగాండ్రు ఒకనినొకడు ఎందుకు పడద్రోయుదురు? బంతి పట్టుకొని పరుగెత్తువానిని ఆపుటకు. బంతితో పరుగెత్తుటయే లేనియెడల, పడద్రోయ పనియేమి? గమ్యము నేలమీదనుంటే బలము కొలది విసరుదురు. తలపైన అడ్డముగా ఉంచినయెడల మెల్లగా, విల్లువంపుగా ఎగురవేయవలసినదే. చిన్ననాడు రాతిపైనున్న రాతిని గురిచూచి కొట్టిన ఆట జ్ఞాపకమువచ్చి ఈ ఉపాయము తోచెను. 13 నియమములు వ్రాసి, పీచ్ పండ్ల బుట్టలు రెండింటిని 10 అడుగుల యెత్తున వసారా కమ్మీకి మేకులతో కొట్టించెను. జట్టుకు తొమ్మండుగురు. 1891 డిసెంబరులో జరిగిన ఆ మొదటి ఆటలో ఒక్కసారియే బంతి బుట్టలో పడెను.

విచిత్రమేమనగా, బంతితో పరుగెత్తరాదన్న ఈ ఆటయే మహా వేగము గల ఆట ఆయెను. బంతి లేనివాడు ఖాళీచోటికి పరుగెత్తవలెను. బంతి చేతికి రాగానే నిలువవలెను. ఒక పాదము నేలనుంచి చుట్టును తిరిగి తోడివానికి అందింపవలెను. కావున కేవలము పరుగు చాలదు. రెండవ సమూయేలు గ్రంథములో అశాహేలు అడవి లేడివంటి కాలివేగము గలవాడు. గాని అబ్నేరు వెంటబడి, ప్రక్కకు తొలగుమని హెచ్చరించినను తొలగక చచ్చెను. తిన్నగా పరుగెత్తుట ఒకటి. ఆగుట, మళ్లుట వేరొకటి. ఈ రెండవదే బాస్కెట్‌బాల్ ఆటగానికి ముఖ్యము. బంతిని నేలకు కొట్టుచు ముందుకు సాగు విద్య తరువాత ఆటగాండ్రు కనిపెట్టినది. దానిని నెయిస్మిత్ మెచ్చుకొనెను. పొడుగువానికి లాభము లేదనము గాని, పొట్టివాడు వాని చేతిక్రిందనుండి జారిపోవుట కూడ చూచుచునే యున్నాము.

ఆయన 1898లో వైద్యపట్టము పొంది, కాన్సాస్ విశ్వవిద్యాలయములో ప్రార్థనలను, దేహశిక్షణను నడిపించుటకు చేరెను. ఆయన జట్టు 55 ఆటలు గెలిచి 60 ఓడెను! ఆట కల్పించినవాడే ఎక్కువ ఓడెనని జనులు నవ్వుదురు. గెలుపుకంటె ఆటగాని నడవడి ఆయనకు ముఖ్యము. ఆటపై పేటెంటు తీసికొనలేదు. పిమ్మట పాదిరిగా అభిషిక్తుడై, 1916లో సైనికుల యొద్దను, మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఫ్రాన్సులోను సేవచేసెను.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివిన హారీ క్రో బక్ 1920లో మదరాసులో వై.ఎం.సి.ఎ. దేహశిక్షణ పాఠశాలను స్థాపించెను. అప్పుడు మన నెల్లూరు జిల్లా మదరాసు రాజధానిలోనిదే.

1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో ఈ ఆటకు మొదటిసారి చోటు దొరకగా, వృద్ధుడైన నెయిస్మిత్ చూడబోయెను. తుది ఆట ఆరుబయట మట్టినేలపై జరిగెను. వాన కురిసి నేల బురదయై, బంతి ఎగురలేదు, కాలు నిలువలేదు. తాను పౌరుడైన అమెరికా 19, తాను పుట్టిన కెనడా 8. ఆ తడిసిన ఆటగాండ్రకు పతకములిచ్చినవాడు ఆయనయే. 1939 నవంబరు 28వ తేదీన కాన్సాస్‌లోని లారెన్స్ పట్టణములో ప్రభువునందు నిద్రించెను.