తుపాకి దింపిన దొర

భారత జాతీయ మహాసభ పుట్టుకను గురించి ఎవరు మాట్లాడినా అలెన్ అక్టేవియన్ హ్యూమ్ దొర పేరు ముందుగా వస్తుంది. 1885 డిసెంబరు 28వ తేదీన బొంబాయిలో 72 మంది ప్రతినిధులను ఒకచోట చేర్చిన ఆ వృద్ధుడు, అంతకు పూర్వం పాతిక సంవత్సరాలకు పైగా హిందూదేశపు పక్షుల వెంట తుపాకి భుజాన వేసుకొని తిరిగినవాడనే సంగతి మన పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు. పక్షిశాస్త్రజ్ఞులు ఆయనను తమవాడని చెప్పుకొంటారు. రాజకీయ చరిత్రకారులు తమవాడని చెప్పుకొంటారు. ఒకరి పుస్తకంలో రెండవ హ్యూమ్ కనిపించడు. కాని తుపాకి ఎవరి చేతిలో ఉండవచ్చును, ఎవరి చేతిలో ఉండరాదు అనే ప్రశ్న ఆయన రెండు జీవితాలకూ నడుమ నిలిచి ఉన్నది.

ఆయన 1829లో జన్మించాడు. తండ్రి జోసెఫ్ హ్యూమ్ ఆంగ్ల పార్లమెంటులో పేరుమోసిన సంస్కరణవాది. ప్రభుత్వం పెట్టే ప్రతి కాసు ఖర్చుకూ లెక్క అడిగేవాడు. కుమారుడు కొంతకాలం వైద్యం చదివి, కంపెనీ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే హెయిలీబరీ కళాశాలలో చేరి, 1849లో బెంగాలు సివిలు సర్వీసులో ప్రవేశించాడు. గంగా యమునల నడిమి దేశమైన ఇటావా జిల్లాలో ఆయన అధికారం ఆరంభమైంది. అక్కడ ఆయన చేసిన మొదటి ఘనకార్యం బడులు. 1857 నాటికి ఆ జిల్లాలో 181 పాఠశాలలు, వాటిలో 5 వేలకు పైగా విద్యార్థులు ఉన్నారు. సారా మీద వచ్చే రాబడి అంటే ఆయనకు ఏవగింపు. అది పాపపు సొమ్మని పై అధికారులకు నిస్సంకోచంగా వ్రాసేవాడు.

1857 తిరుగుబాటులో ఇటావా అట్టుడికిపోయింది. హ్యూమ్ ఆగ్రా కోటకు చేరుకొని, మరల తన జిల్లాకు వచ్చి పోరాడాడు. పగ తీర్చుకొనడమే పరిపాలనగా సాగిన ఆ దినాలలో ఆయన ఉరిశిక్షల విషయమై ఎంతో నిగ్రహం చూపాడని ప్రతీతి. ఆ అల్లకల్లోలంలో ఆయన అప్పటికి కూర్చుకొన్న పక్షుల సేకరణ కాస్తా నాశనమైంది. మరొకరయితే అంతటితో విరమించేవారు. ఆయన మళ్ళీ మొదటి పిట్టతో మొదలుపెట్టాడు.

1867లో ఆయనకు సుంకాల కమిషనరు పదవి వచ్చింది. ఉప్పు మీద పన్ను ఎగగొట్టకుండా ఉత్తరదేశం నడిబొడ్డున దాదాపు 2,300 మైళ్ళ పొడవున గీచిన సరిహద్దుకు ఆయన అధిపతి. తుమ్మ, రేగు, నాగజెముడు వంటి ముళ్ళచెట్లతో పెంచిన కంచె, దానిని కాచే సుమారు 12 వేల మంది జవానులు, ఇదీ ఆయన రాజ్యం. పేదవాని ఉప్పుకు అడ్డుకట్ట వేసిన ఆ కంచెను ఆయన శ్రద్ధగా పెంచాడన్నది దాచదగిన విషయం కాదు. తరువాతి కాలంలో ఉప్పుపన్నును తగ్గించవలెనని ఏటేటా మొరపెట్టుకొన్న మహాసభకు స్థాపకుడు కూడా ఆయనే. మనుష్యుని జీవితంలో ఇటువంటి ముడులు అరుదు కావు.

ఆ ఉద్యోగంలో సంచారం విస్తారం. డేరాతో పాటు తుపాకులు, తోళ్ళు ఒలిచి భద్రపరిచే పనివారు వెంట సాగేవారు. సింధులో చలికాలపు బాతులు, పెద్దబాతులు దిగే జలాశయాలు, అండమాను నికోబారు దీవులు, లక్షదీవులు, చివరకు 1881లో మణిపురం దాకా ఆయన వేట సాగింది. దేశం నలుమూలలా ఉన్న దొరలు, సైనికాధికారులు తాము కొట్టిన పక్షులనూ, వ్రాసిన టిప్పణాలనూ ఆయనకు పంపేవారు. వాటిని ప్రకటించడానికి 1872లో ‘స్ట్రే ఫెదర్స్’ అనే పత్రికను తానే స్థాపించి నడిపాడు. సిమ్లాలోని జక్కో కొండ మీద రోత్నీ కాసిల్ అనే భవనం కొని, దానిలో పక్షిశాల నెలకొల్పాడు. ఆ కాలంలో ఆసియా పక్షుల సేకరణలలో దానిని మించినది లేదు.

మార్షల్ అనే సైనికాధికారితో కలిసి 1879 మొదలు 1881 వరకు ఆయన వెలువరించిన మూడు సంపుటాల గ్రంథం హిందూదేశంలో వేటపక్షులను గురించినది. మూడవ సంపుటం చాలవరకు నీటిపక్షులది. ఏ బాతు ఏ నెలలో దిగుతుంది, ఏమి తింటుంది, ఎంత దూరాన తుపాకిని పసిగడుతుంది అనే విషయాలు వేటగాడు మాత్రమే చెప్పగలిగినంత సూక్ష్మంగా అందులో ఉన్నవి. సింధు దేశానికి చలికాలంలో అరుదుగా వచ్చే మూగహంసకు కూడా అక్కడ చోటున్నది. ఆ హంస కథ తరువాత విచిత్రంగా మారింది. ఐరోపా నుంచి కొలనుల అలంకారానికై అమెరికా తీసుకొనిపోయిన ఈ పక్షులు అక్కడ తామరతంపరగా పెరిగి, నీటి అడుగున ఉండే మొక్కలను తినివేసి, దేశవాళీ బాతులకు నిలువనీడ లేకుండా చేశాయి. 2004లో అక్కడి కేంద్ర శాసనం ఆ హంసకు రక్షణ తొలగించింది. 2016లో న్యూయార్కు రాష్ట్రం ప్రాణం తీయని పద్ధతులకే ప్రాధాన్యం ఇవ్వవలెనని మరొక శాసనం చేసింది. వేటగాళ్ళకూ హంసప్రియులకూ మధ్య విన్నపాలు, ప్రతివిన్నపాలు నడిచాయి. పక్షిని కొట్టే హక్కు గురించిన వివాదం ఏ దేశంలోనైనా చివరకు శాసనసభ గడప ఎక్కక తప్పదు కాబోలు.

మన దేశంలో ఆ వివాదం తుపాకి దగ్గర మొదలైంది. లిట్టన్ ప్రభువు రాజప్రతినిధిగా ఉండగా 1878లో ఆయుధాల శాసనం వచ్చింది. అనుమతిపత్రం లేనిదే భారతీయుడు తుపాకి ఉంచుకొనరాదు. ఐరోపావారికి మాత్రం ఆ శాసనం క్రింద వెలువడిన నియమాలు మినహాయింపు ఇచ్చాయి. వేడుకకై వేటాడే దొరకు చీటీ అవసరం లేదు. పొలం కాచుకొనే రైతుకు అవసరం. ఈ వ్యత్యాసం పల్లెటూళ్ళలో ఎంత బాధ కలిగించిందో ఊహించడానికి దూరం పోనక్కరలేదు. కృష్ణా జిల్లా మెట్ట సీమలో నందిగామ, జగ్గయ్యపేట, చందర్లపాడు పల్లెలలో జొన్నచేను కంకి పట్టిందంటే చిలుకలు, పిచ్చుకలు. కంది, పెసర చేలల్లో రాత్రివేళ అడవిపందులు. చలికాలంలో చెరువులలోనూ కృష్ణ ఇసుకతిన్నెల మీదనూ దిగి, చీకటి పడగానే చేల మీదికి వచ్చే బాతుల గుంపులు. వీటికి ఎదురుగా రైతు చేతిలో మంచె, ఒడిసెల, డబ్బా మోత. నాటుతుపాకి ఒకటి ఇంట ఉన్నా దానికి కలెక్టరు కచేరి నుంచి చీటీ కావలె. గడువు తీరినప్పుడల్లా మరల తిరగవలె. రుసుము, దానితో పాటు బంట్రోతుల మామూలు. పందిని తోలడానికి ఇంత తంటా ఎందుకని మానుకొన్నవారే ఎక్కువ.

ఆ 1878 ప్రాంతం హ్యూమ్ జీవితంలో కూడా మలుపు. 1871లో మేయో ప్రభువు వ్యవసాయం, రాబడి, వాణిజ్యం కలిపి ఒక శాఖ ఏర్పరచినప్పుడు దానికి కార్యదర్శి హ్యూమ్. రైతు బాగుపడితేగాని రాజ్యం బాగుపడదని ఆయన మతం. భారత వ్యవసాయ సంస్కరణను గురించి 1879లో పుస్తకమే వ్రాశాడు. పై వారి అభిప్రాయంతో నిమిత్తం లేకుండా తన అభిప్రాయం చెప్పడం ఆయన స్వభావం. లిట్టన్ కాలంలో దానికి ఫలం దక్కింది. 1879లో ఆ పదవి నుంచి తొలగించి అలహాబాదు రెవిన్యూ బోర్డుకు పంపారు. 1882లో ఆయన ఉద్యోగం విరమించాడు.

ఇంతలో దివ్యజ్ఞాన సమాజపు ప్రభావం ఆయనపై పడింది. బ్లావట్‌స్కీ అమ్మతో స్నేహం కొద్దికాలానికే చెడిపోయింది గాని, ఆ బోధ వలన కలిగిన మార్పు చెడలేదు. హ్యూమ్ శాకాహారి అయినాడు. పరిశోధన కోసమైనా పక్షులను చంపడం మానుకొన్నాడు. అప్పటికి ఆయన శాలలో ఉన్న తోళ్ళు, గుడ్లు లెక్కించితే, అంత ప్రాణిహింసకు పూనిన చేయి అంత సులువుగా ఆగిందా అని ఆశ్చర్యం కలుగుతుంది. ఆ సంవత్సరాలలోనే మరొక దెబ్బ తగిలింది. సిమ్లాకు దూరంగా ఉన్న సమయంలో ఇంటి సేవకుడొకడు, పక్షులపై ఆయన పాతిక సంవత్సరాల పాటు వ్రాసుకొన్న కాగితాలను బజారులో చిత్తుకాగితాల కింద అమ్మివేశాడు. మహాగ్రంథం వ్రాయవలెనన్న సంకల్పం అక్కడితో అంతరించింది. మిగిలిన సేకరణను లండనులోని బ్రిటిషు మ్యూజియముకు దానం చేశాడు. 1885 వేసవిలో షార్ప్ అనే పండితుడు సిమ్లాకు వచ్చి సుమారు 82 వేల నమూనాలను పెట్టెలకెత్తించి తీసుకొనిపోయాడు. అదే సంవత్సరం డిసెంబరులో మహాసభ వెలిసింది.

అయితే ఆ బీజం అంతకు ముందే పడింది. 1883 మార్చిలో కలకత్తా విశ్వవిద్యాలయ పట్టభద్రులకు హ్యూమ్ ఒక బహిరంగ లేఖ వ్రాసి, స్వార్థం విడిచి దేశసేవకు ముందుకు వచ్చే యాభైమంది కావలెనని కోరాడు. మొదటి సభకు వచ్చినవారిలో తెలుగువాడైన న్యాయవాది పనప్పాక్కం ఆనందాచార్యులు ఉన్నారు. గుత్తి నుంచి కేశవ పిళ్ళె ఉన్నారు. 1891లో నాగపూరు మహాసభకు ఆనందాచార్యులే అధ్యక్షులైనారు.

మూడవ మహాసభ 1887లో చెన్నపట్నంలో బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన జరిగింది. ప్రతినిధుల సంఖ్య 607. ఖర్చులకై అణా మొదలు రూపాయిన్నర వరకు ఇచ్చిన సామాన్యులు వేలసంఖ్యలో ఉన్నారు. ఆయుధాల శాసనం అక్కడ పెద్ద చర్చకు వచ్చింది. యువకుడైన బిపిన్ చంద్ర పాల్ ఆ శాసనాన్ని ఖండిస్తూ చేసిన ప్రసంగం ఆయనకు దేశమంతటా పేరు తెచ్చింది. ప్రజల రాజభక్తిని అవమానించే ఆ శాసనాన్ని సవరించి, కారణం చూపి నిరాకరించినవారు తప్ప అందరూ ఆయుధాలు ఉంచుకొనేలా చేయవలెనని సభ తీర్మానించింది. ఆ తీర్మానంలో ముందుకు వచ్చినది పరువు. పైరు సంగతి ఇబ్బందులు అనే ఒక్క మాటలో ఇమిడిపోయింది. పట్టణాల న్యాయవాదులు వ్రాసిన మహజరు అది. మంచె మీద కూర్చున్నవాడు వ్రాస్తే వరుస తిరగబడేది. తరువాతి సభలలో ఆ లోటు తీరింది. మనుష్యులను, పశువులను, పంటలను అడవిమృగాలు పాడుచేసే చోట్ల అనుమతిపత్రాలు ధారాళంగా ఇవ్వవలెనని మహాసభ ఏటేటా కోరుతూ వచ్చింది. 1892లో గుంటూరులో కృష్ణా మండల మహాసభ కూడిన నాటికి జిల్లాలలో కూడా మహజరులు వ్రాయడం అలవాటైంది.

ఈ తీర్మానాలన్నీ ప్రభుత్వానికి చేరిన కాలంలో మహాసభ ప్రధాన కార్యదర్శి హ్యూమ్. తన కాలమంతా చీటీ లేకుండా తుపాకి పేల్చినవాడు, స్వయంగా తుపాకి దింపివేసిన పిదప, తాను నడిపే సభ ఇతరుల కోసం ఆ తుపాకినే అడుగుతుండగా కార్యదర్శి కుర్చీలో కూర్చున్నాడు. దొరతనం వారు చలించలేదు.

చెన్నపట్నపు సభ జరిగిన 1887లోనే వన్యపక్షుల రక్షణకై ప్రభుత్వం ఒక శాసనం చేసింది. పక్షులు గుడ్లు పెట్టే ఋతువులో వాటిని అమ్మరాదని పురపాలక సంఘాలు, దండు ప్రదేశాల అధికారులు నిబంధనలు చేయవచ్చునని దాని సారం. ఉద్దేశం మంచిదే. కాని దాని బరువు ఎవరి మీద పడిందో చూడవలె. వేడుకకు కొట్టిన దొర తన బాతును సంతలో అమ్మడు; వలపన్ని, ఉచ్చులొడ్డి పిట్టలు పట్టి అమ్ముకొని గంజి త్రాగే పేదవాడే అమ్మేవాడు.

హ్యూమ్ 1894లో ఇంగ్లండుకు తరలిపోయాడు. దక్షిణ లండనులో నివాసం. అక్కడి నుంచే మహాసభ పనులు చూస్తూ, వార్ధక్యంలో మొక్కల మీద మనస్సు నిలిపాడు. అన్యదేశాల నుంచి వచ్చి ఇంగ్లండు నేలలో వేళ్ళూని వ్యాపించే మొక్కలంటే ఆయనకు ప్రత్యేకమైన ఆసక్తి. మొక్కను పట్టడానికి తుపాకి అక్కరలేదు. 1910లో తన సొంత సొమ్ముతో దక్షిణ లండను వృక్షశాస్త్ర సంస్థను స్థాపించాడు.

1912 జూలై 31వ తేదీన ఆయన మరణించాడు. ఆ సంవత్సరమే భారత ప్రభుత్వం వన్యపక్షి, మృగ రక్షణకై కొత్త శాసనం చేసింది. బాతులు, కౌజులు, నెమళ్ళు మొదలైన వాటిని కొట్టరాని ఋతువులు నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు దాని వలన వచ్చింది. తన ఆస్తిని కాపాడుకొనడానికి ఎవరైనా పక్షినో మృగాన్నో చంపితే నేరం కాదని కూడా అందులో వ్రాశారు. చేను కాచే రైతుకు ఆ శాసనం పక్షినో మృగాన్నో చంపే వీలు మిగిల్చింది; చంపే సాధనం మాత్రం 1878 నాటి శాసనం చేతిలోనే ఉండిపోయింది. దాని స్థానంలో 1959లో కొత్త ఆయుధాల శాసనం వచ్చింది.

హ్యూమ్ మరణవార్త చేరిన దినాన ఇటావా బజారులో దుకాణాలు మూసివేశారు.